ఆర్జైరోపెలెకస్ నమూనా: పొట్ట కింద దీపాలు వెలిగాయి

లోతు సముద్రంలో ఉండే హ్యాచెట్ ఫిష్ రకం ఆర్జైరోపెలెకస్ అక్యులియేటస్‌కి రెండింతల సైజులో చేస్తున్న నమూనా ఈ విడతలో వెలుగు దాకా వచ్చింది. అసలు చేప సుమారు 8 సెంటీమీటర్లు, నాది 16. తీగ చట్రం మీద ఎపాక్సీ పుట్టీ పని ఇదివరకే అయిపోయింది. పైకి చూసే గొట్టాల్లాంటి కళ్లు కూడా కుదిరాయి.

ఈ చేప వెలిగేది కనబడడానికి కాదు, కనబడకుండా ఉండడానికి. పై నుంచి దిగే మసక నీలి వెలుగులో కింది నుంచి చూసే వేటజీవికి దాని నీడ తెలియకూడదు. అందుకే నమూనా బాగుందో లేదో పక్క నుంచి చూసి కాదు, కింద నుంచి చూసి తేల్చాలి.

ఒక్కో పక్క పొట్ట అంచున 12 కాంతి అవయవాలు, ఆసన రెక్క ముందు 4, దాని వెంబడి 6, తోక మొదట్లో 4. మొత్తం 26. చిన్న ఎల్ఈడీలు గుచ్చడం కన్నా వెలుగుని కొసదాకా మోసుకెళ్లే 0.75 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఫైబర్ నయం: 26 పోగులు కట్టగా కడితే 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ ముఖానికి సరిగ్గా సరిపోతాయి. రెంటినీ కలిపి, వేడికి ముడుచుకుని పట్టేసే హీట్ ష్రింక్ ట్యూబులో బిగించాను. పక్కకొకటి చొప్పున 470 నానోమీటర్ల నీలి ఎల్ఈడీ, 5 వోల్టులు, ఒక్కోదానికి 180 ఓమ్ రెసిస్టర్. సుమారు 10 మిల్లీయాంపులు, చాలు. పోగుల కొసల్ని 400 నంబరు గరుకు కాగితంతో రుద్దితే వెలుగు సూదిలా పొడవకుండా పరుచుకుంటుంది. లోపలంతా నల్ల రంగు తప్పనిసరి, లేకపోతే పుట్టీ అతుకుల్లోంచి నీలం కారుతుంది.

పరీక్షకి నీలి ఫిల్టర్ వేసిన, వెలుగుని సమంగా పరిచే డిఫ్యూజర్ పలక కింద వేలాడదీసి, ఫోన్ ఎక్స్‌పోజర్ లాక్ చేసి కింద నుంచి తీశాను. ప్రకాశం తగ్గిస్తూ పోతే ఒక దగ్గర పొట్ట నీడ పలకలో కలిసిపోయింది. ఆ క్షణం నిజంగా ఒళ్లు పులకరించింది! కానీ కెమెరాని కాస్త పక్కకి జరిపితే ఆకారం మళ్లీ బయటపడుతోంది. అసలు చేపలో కాంతి అవయవాల వెలుగుని కిందికి పంపే గొట్టాల బయటి గోడ సగం అద్దంలా పనిచేసి, ఏ కోణానికి ఎంత వెలుగు కావాలో అంత పంపుతుంది. సముద్ర జీవశాస్త్రవేత్త ఎరిక్ డెంటన్, ఆయన సహచరులు 1972లో ఈ కోణాల పంపిణీని కొలిచి చూపారు.

ఇక దాన్ని అనుకరించడానికి పోగుల కొసల కింద సన్నని యాక్రిలిక్ పట్టీలు అంటించి, బయటి వైపు పల్చగా వెండి పూత వేసి చూడాలి. ముందు ఒక పక్కకే.