బావ ఇచ్చిన యూరప్ రౌటర్‌లో 149వ ఛానెల్ కోసం: అనంతపురం ఇంటి పని వివరాలు

మొదటి శనివారం

అక్కావాళ్లు జర్మనీ నుంచి సెలవులకు వచ్చినప్పుడు బావ తన పాత వైఫై రౌటర్ నాకిచ్చాడు. మా ఇల్లు అనంతపురంలో అబ్బ కట్టించింది. గోడలన్నీ రాతివే, రెండడుగుల మందం. ఫైబర్ కనెక్షన్ ముందు గదిలో ఉంది. వెనక గదిలో నాయన ఫోన్ పట్టుకుంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక గీతకు పడిపోతుంది. మంచి రౌటర్ పెడితే ఆయన వార్తలు ఆగకుండా చూస్తారని నా ఆశ.

ముందు అడాప్టర్ చూశాను. దాని మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంది కాబట్టి ఇక్కడ భయం లేదు. రెండు గుండ్రటి పుల్లల ప్లగ్ మన సాకెట్‌లో పట్టింది. అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్లు ఈ లేబుల్ చదవకుండా ప్లగ్ పెట్టొద్దు. 120 వోల్టులకే చేసిన అడాప్టర్ మన 230కి కాలిపోతుంది.

తర్వాత ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ తెరిచాను. మా వీధిలో 36 నుంచి 48 ఛానెళ్ల (వైఫై సిగ్నల్ నడిచే దారుల) మధ్యే తొమ్మిది నెట్‌వర్క్‌లు ఉన్నాయి. 149 దగ్గర ఒక్కటే ఉంది. నేను అక్కడికే పోదామనుకున్నాను, కానీ ఈ రౌటర్ జాబితాలో 149 నుంచి పైకి ఒక్క ఛానెల్ కూడా లేదు. యూరప్‌లో ఆ పై భాగాన్ని వైఫైకి చాలా తక్కువ పవర్‌తోనే వాడనిస్తారు, అందుకే అక్కడ అమ్మే రౌటర్లలో సాధారణంగా అది పెట్టరు. జపాన్‌లో మామూలు వైఫైకి అది అసలే లేదు. మన దేశంలో మాత్రం 2018 అక్టోబర్ నోటిఫికేషన్‌తో 5150-5350, 5470-5875 మెగాహెర్ట్జ్ లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్‌లయ్యాయి. మొత్తం 605 మెగాహెర్ట్జ్. అంటే 149 నుంచి 165 దాకా మనం చట్టబద్ధంగా వాడుకోవచ్చు. రౌటర్‌కు ఆ సంగతి తెలియదు, అంతే.

ఆదివారం

అదే మోడల్‌కు, అదే వెర్షన్ నంబర్‌కు ఇండియా ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) దొరికింది. అప్‌గ్రేడ్ పేజీలో ఇస్తే అర నిమిషంలో తిరస్కరించింది. ఎందుకో తెలుసుకోవాలని ఫైలును హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్లను అంకెల్లో చూపే ప్రోగ్రామ్‌లో) తెరిచాను. లోపల సపోర్ట్ లిస్ట్ అని ఒక భాగం ఉంది. అందులో ఉత్పత్తి పేరు, వెర్షన్, పక్కన ప్రత్యేక ఐడీ 494ఈ0000. నా రౌటర్‌కు చెందిన యూరప్ ఫైలులో అదే చోట 45550000. ఏ అక్షరానికి ఏ అంకో చెప్పే ఆస్కీ పట్టిక తీసి చూస్తే 49 అంటే ఐ, 4ఈ అంటే ఎన్. 45 అంటే ఈ, 55 అంటే యూ. దేశం పేరునే అంకెల్లో రాసిపెట్టారు! ఇది కనిపెట్టినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ అంకెలు మార్చి ఎక్కిద్దామని చూశాను, కుదరలేదు. ఫైలులో ఒక్క బైట్ మారినా రౌటర్ తనిఖీలో దొరికిపోతుంది.

అమెరికా ఫర్మ్‌వేర్ ప్రయత్నిద్దామా అని కూడా అనిపించింది. అందులో 149 ఉంటుంది. కానీ 2.4 గిగాహెర్ట్జ్‌లో 12, 13 ఛానెళ్లు పోతాయి. అంతకన్నా పెద్ద సమస్య ఇంకొకటి ఉంది. ఈ మోడల్ యూరప్, అమెరికా రకాలు రెండింటిలో చిప్ క్వాల్‌కామ్ క్యూసీఏ9563 అయినా, ఫర్మ్‌వేర్ ఉండే ఫ్లాష్ మెమరీ మాత్రం యూరప్ దాంట్లో 8 మెగాబైట్లు, అమెరికా దాంట్లో 16. బయటి పెట్టె ఒకటే, వెర్షన్ నంబర్ ఒకటే. 16కు రాసిన ఫర్మ్‌వేర్ వెతికే చిరునామాలు కొన్ని 8లో ఉండనే ఉండవు. కాబట్టి స్టిక్కర్ మీది వెర్షన్ ఒక్కటే చూసి ఇంకో దేశం ఫైలు ఎక్కించకండి. ఫ్లాష్ ఎంతో తెలిశాకే ముందుకు పోండి.

మంగళవారం రాత్రి

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం ఉచితంగా దొరికే ఫర్మ్‌వేర్) దారి పట్టాను. అందులో నా మోడల్ యూరప్ రకానికి వేరే ఫైలు, అమెరికా రకానికి వేరే ఫైలు ఉన్నాయి. యూరప్ ఫ్యాక్టరీ ఫైలు (కంపెనీ ఫర్మ్‌వేర్ మీద మొదటిసారి ఎక్కించేది) తీసుకుని, ఫైలు పాడవలేదని చెప్పే చెక్‌సమ్ సరిచూసి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి పాత పేజీ నుంచే ఎక్కించాను. మూడు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత చిరునామా 192.168.0.1 నుంచి 192.168.1.1కి మారుతుంది, వైఫై ఆఫ్‌లో ఉంటుంది. ఏదో పాడైందని కంగారు పడొద్దు. కేబుల్‌తోనే లోపలికి వెళ్లి ముందు పాస్‌వర్డ్ పెట్టాలి.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. లూసీ (ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సెట్టింగుల) పేజీలో బ్యాకప్ దగ్గర ఎంటీడీ భాగాల్ని, అంటే ఫ్లాష్‌లోని విభాగాల్ని, దించుకునే వీలుంది. అందులో ఏఆర్‌టీ అనే భాగాన్ని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచాను. రేడియో కాలిబ్రేషన్ వివరాలు అందులో ఉంటాయి. అవి ఏ రౌటర్‌వి ఆ రౌటర్‌కే. పోతే పక్కవాళ్ల కాపీ పనికిరాదు.

వైర్‌లెస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో దేశం ఇండియా అని పెట్టి సేవ్ చేశాను. 149, 153, 157, 161, 165 వచ్చేశాయి. 149 ఎంచుకుని వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టాను. పవర్ పెంచలేదు. రౌటర్ మాట ఫోన్‌కు వినపడితే చాలదు, ఫోన్ మాట కూడా రౌటర్‌కు వినపడాలి. వేరే దేశం పేరు పెట్టి పవర్ పెంచడం నాకు నచ్చదు. ఉండే దేశం పేరే పెట్టాలి.

ప్రయోగానికి 100వ ఛానెల్ కూడా చూశాను. రాడార్ ఉందేమో అని రౌటర్ ఒక నిమిషం విన్నాకే వైఫై మొదలవుతుంది.

శుక్రవారం

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కొత్త రిలీజ్ వచ్చింది, సిస్అప్‌గ్రేడ్ (కొత్త దానికి మార్చే పని) మొదలుపెట్టాను. ఫ్లాష్ రాస్తుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ లైన్ ఫ్యాన్లకు, లైట్లకే ఉంది, ఆ సాకెట్‌కు లేదు. కరెంటు వచ్చాక పవర్ లైటు మిణుకుమంటూనే ఉంది. నాయన వచ్చి "ఏందిరా, నెట్ యాడికి పోయింది?" అన్నారు. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

ఈ రౌటర్‌లో బూట్‌లోడర్ (ఫర్మ్‌వేర్ కన్నా ముందు లేచే చిన్న ప్రోగ్రామ్) బతికి ఉంటే టీఎఫ్‌టీపీతో (కేబుల్ మీదుగా ఫైలు పంపే పద్ధతితో) తిరిగి తేవచ్చు. ల్యాప్‌టాప్ ఐపీని 192.168.0.66, మాస్క్ 255.255.255.0గా పెట్టాను. ఫైర్‌వాల్ ఆపాను. ఫైలు పంపే సర్వర్ ప్రోగ్రామ్ టీఎఫ్‌టీపీడీ64 తెరిచాను. రీసెట్ బటన్ నొక్కిపట్టి పవర్ ఆన్ చేసి పది సెకన్లు ఉంచాను. మొదటి మూడుసార్లు ఏమీ జరగలేదు. రౌటర్ లేచే క్షణంలో కేబుల్ లింక్ పడి లేస్తుంది, ల్యాప్‌టాప్ దాన్ని అందుకునేలోపే సమయం అయిపోతోంది. క్లాక్ టవర్ దగ్గర షాపులో చిన్న ఐదు పోర్టుల స్విచ్ కొనుక్కొచ్చి మధ్యలో పెట్టాను. నాలుగోసారి లాగ్‌లో రౌటర్ ఒక ఫైలు పేరు అడిగింది. తయారీదారు యూరప్ ఫర్మ్‌వేర్‌కు సరిగ్గా ఆ పేరే పెట్టి మళ్లీ చేశాను, ఎక్కింది. మీ మోడల్ అడిగే పేరు, ఐపీ వేరుగా ఉండొచ్చు. పేరు సర్వర్ లాగ్‌లోనే కనపడుతుంది. ఏ ఐపీ కోసం వెతుకుతుందో వైర్‌షార్క్‌లో (కేబుల్ మీద వచ్చిపోయే డేటాను చూపే ప్రోగ్రామ్‌లో) ఏఆర్‌పీ ప్రశ్నలు, అంటే "ఈ ఐపీ ఎవరిది?" అని రౌటర్ అడిగేవి, చూస్తే తెలుస్తుంది.

ఆ రాత్రే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మళ్లీ ఎక్కించి, దాచుకున్న సెట్టింగుల బ్యాకప్ పెట్టాను. మర్నాడు 12 వోల్టుల మినీ యూపీఎస్ కొన్నాను. పిన్ సైజు, మధ్యలో ప్లస్ ఉందా లేదా అన్నది అడాప్టర్ లేబుల్‌తో పోల్చి చూసుకుని తీసుకున్నాను.

రెండో ఆదివారం

మా ప్లాన్ 100 ఎంబీపీఎస్. ముందు గదిలో పాత ఛానెల్‌లో 90 వరకు, ఇప్పుడు 94. వెనక గదిలో 36 మీద సాయంత్రాలు 15, 18 మధ్య వచ్చేది. 149 మీద 45 దాకా వస్తోంది. రాతి గోడ మారలేదు, ఛానెల్‌లో రద్దీ తగ్గింది. మిద్దె మీద గదికి మాత్రం ఏ ఛానెల్‌లోనూ సరిగా అందడం లేదు. అక్కడికి గవాక్షం గుండా క్యాట్6 కేబుల్ లాగాలి. కొలిస్తే 22 మీటర్లు వచ్చింది, 25 మీటర్ల చుట్ట తెచ్చి ఉంచాను.