ముల్లు కాదు, దవడ

పాసింజరు శ్రీకాకుళం రోడ్డులో ఆగేది కాసేపే. ఆ కాసేపట్లో నేనూ, మా అమ్మా, ఒక అట్టపెట్టె, రెండు గోనె సంచులూ దిగాలి. పెట్టెలో నలభై పుస్తకాలు, సంచికి ఇరవై చొప్పున మరో నలభై. దించుతుంటే తాడు తెగి పెట్టె నా కాలి మీద పడింది. అమ్మ నా కాలు చూళ్ళేదు, పెట్టె మూల చితికిందేమో చూసింది.

"రాసినప్పుడు తెల్లేదేటే బరువు?" అంది.

కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా: స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు, ఊరేమో ఆమదాలవలస. అసలు శ్రీకాకుళానికి ఇంకా పదమూడు కిలోమీటర్లు పోవాలి. ఆటో అతను సంచి తడిమి చూసి "ఏటమ్మా ఇవి, టైల్సా?" అన్నాడు. పుస్తకాలంటే ఇంకో ఇరవై రూపాయలు పెంచాడు.

పుస్తకం నాదే, డబ్బూ నాదే. చీటీ పాడుకున్న డబ్బు మొత్తం పోసి 500 కాపీలు వేయించాను. పన్నెండు కథలు, పదహారేసి పేజీల ఫారాలు ఎనిమిది, మొత్తం 128 పేజీలు, వెల 150 రూపాయలు. ప్రెస్సువాళ్ళు పదకొండు కాపీల్లో రెండో ఫారం తలకిందులుగా కుట్టి, "చదివేవాళ్ళు తిప్పుకుని చదువుతార్లెండి" అన్నారు. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరు కేంద్ర ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. ఆ సంగతి తెలీక మధ్యలో ఒకాయనకి రెండు వేలు సమర్పించుకున్నాను. తెలిశాక మాత్రం అన్నీ చట్టప్రకారమే చేశాను. 1954 నాటి చట్టం ఒకటుంది, అచ్చయిన పుస్తకాన్ని ముప్పై రోజుల్లోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లో మరో మూడు గ్రంథాలయాలకీ పంపాలని. నాలుగు పార్సిళ్ళూ నా చేత్తో కట్టి పంపాను. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి, తర్వాత వీటితో పనుంది.

షాపుల్లో పెడదామంటే నూటికి నలభై వాళ్ళకి. అందుకే మోసుకుని బయల్దేరాం.

ఎందుకు మార్చిలోనే అంటే, అమ్మ మొక్కు. మొదటి పుస్తకం అరసవల్లి సూర్యనారాయణమూర్తి పాదాల దగ్గర పెడతానని ఆవిడ ఎప్పుడు మొక్కుకుందో నాకు తెలీదు. మార్చి 9, 10 తేదీల్లో పొద్దుటి ఎండ సరాసరి గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలమీద పడుతుంది, మళ్ళీ అక్టోబరు మొదట్లో. ఆ రోజే పెట్టాలని అమ్మ పట్టు. నా లెక్క వేరు. స్కూళ్ళూ, కాలేజీలూ తిరిగి పిల్లల చేత కొనిపిద్దామనుకున్నాను. మార్చిలో పిల్లలకి పరీక్షలు తప్ప ఇంకేమీ కనబడవన్న సంగతి, విశాఖలో ఒక కాలేజీ ఆఫీసులో పదిహేనేళ్ళుగా హాల్ టికెట్ల మీద స్టాంపు కొడుతున్న నాకే తట్టలేదు.

9వ తేదీ తెల్లవారుజామున అయిదింటికి వెళ్ళేసరికే లైను బయటిదాకా ఉంది. వెలుతురు వచ్చింది గానీ ఎండ రాలేదు, తూర్పున మబ్బు. అందరం మెడలు చాచి చూశాం. మా ముందున్న పెద్దాయన "ఈయేల నేదు, రేపు పడతాది" అని తువ్వాలు దులుపుకుని కదిలాడు. ఆ నమ్మకానికి లెక్క కూడా ఉంది మరి. మార్చి 20 ప్రాంతంలో రాత్రీ పగలూ సమానం, మళ్ళీ సెప్టెంబరు 22 ప్రాంతంలో. మొదటిదానికి పది రోజుల ముందూ, రెండోదానికి పది రోజుల తర్వాతా సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ఒకసారి ఉత్తరానికి పోతూ, ఒకసారి దక్షిణానికి వస్తూ అదే గుమ్మంలోంచి తొంగి చూస్తాడన్నమాట. కట్టినవాళ్ళు ఆ గుమ్మాన్ని ఆ చోటికి గురిపెట్టారు. అమ్మకి చెప్తే "మరాయనకి తెల్దేటి, ఎప్పుడు రావాలో?" అంది.

పూజారిగారు పుస్తకం అందుకుని, లోపల ఒక్క క్షణం ఉంచి, కుంకుమ బొట్టు పెట్టి తిరిగిచ్చారు. బొట్టు సరిగ్గా నా పేరు మీద పడింది. ఇంటిపేరు మాత్రమే మిగిలింది.

నేను కుంకుమ తుడవచ్చా లేదా అని ఆలోచిస్తుండగా అమ్మ లైన్లో మూడు కాపీలు అమ్మేసింది. ఎలా అమ్మిందో విన్నాను. "మా అమ్మి రాసిందమ్మా. ఇందులో ఒకాయన కూతురి పెళ్ళికని గేదెని అమ్మీడానికి సంతకి ఒట్టుకెల్తాడు. ఎల్తే ఏటయ్యిందో తెలుసా..." అని అక్కడ ఆపి, చెంగుతో మొహం తుడుచుకుంటుంది. అవతలావిడ "ఏటయ్యింది?" అంటుంది. "ఇందులో ఉన్నాది. నూట యాబయ్యి."

మధ్యలో శ్రీకూర్మం వెళ్ళాం. అమ్మ తాబేళ్ళకి తోటకూర వేసింది. అక్కడ ఒక్కటీ అమ్ముడుపోలేదు.

మధ్యాహ్నం ఆర్టీసీ కాంప్లెక్సులో నా తెలివితేటలు చూపించే వంతు వచ్చింది. మొదటి కథలో మొదటి పేజీ, కింద నా ఫోన్ నంబరు వేసి 500 కరపత్రాలు కొట్టించాను. అమ్మలాగే కథ సగంలో ఆగుతుంది. పంచిపెట్టడం మొదలుపెట్టాను. కోచింగ్ సెంటరు కాగితం అనుకున్నారో, మొలల మందు అనుకున్నారో, తీసుకున్నవాళ్ళు తీసుకున్నట్టే కింద పడేశారు. బస్సు చక్రం ఒకటి నా కథ మీదుగా వెళ్ళింది. పక్కనే వేయించిన శనక్కాయలమ్మే కుర్రాడు పాత నోటుబుక్కు చింపి పొట్లాలు చుడుతున్నాడు. వాడి దగ్గరికెళ్ళి, "ఈ కాగితాలు ఊరికే ఇస్తాను, అచ్చు బయటికి కనబడేటట్టు చుట్టు" అన్నాను. వాడు కాగితం వాసన చూసి, వెనక తిప్పి చూసి "తెల్లగానే ఉన్నాది, బాగుంతాది" అన్నాడు. నోటుబుక్కు కంటే మంచి కాగితమే. ఒకవైపే అచ్చు కాబట్టి సిరా శనక్కాయలకి అంటదని నన్ను నేను సమాధానపరచుకున్నాను. వాడికో పుస్తకం ఇచ్చాను. దాన్ని తక్కెడ కింద ఎత్తు కోసం పెట్టుకున్నాడు.

చేతికిస్తే పారేసిన కాగితాన్ని, శనక్కాయలు పోసిస్తే ఒక్కరూ పారెయ్యలేదు. రాజాం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాయన పొట్లం తిప్పి తిప్పి చదవడం నా కళ్ళతో చూశాను. కాయలయిపోయాక విప్పి పూర్తిగా చదివాడు. సాయంత్రానికి రెండు ఫోన్లు వచ్చాయి. ఒకాయన "కథ మధ్యలో ఆపీసినావేటి, మిగతా పొట్లం ఎవరి దగ్గరుంది?" అని కోప్పడ్డాడు.

ఆ సాయంత్రమే కథానిలయానికి వెళ్ళాం. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన గ్రంథాలయం అది. నేను మొదటిసారి చూడటం. పాత పత్రికల బైండ్ల వాసన గుమ్మంలోనే పట్టుకుంటుంది. అక్కడున్నాయన నా రెండు కాపీలూ తీసుకుని, ఏ కథ ఏ పత్రికలో ఏ నెలలో మొదట వచ్చిందో అడిగారు. పన్నెండింట్లో తొమ్మిది ఎక్కడా రాలేదని చెప్పడానికి కాస్త నామోషీ అయ్యింది. ఆయనేమీ అనుకోలేదు. అమ్మ అంతసేపూ ఆ బీరువాల మధ్య గుళ్ళో తిరిగినట్టు చేతులు కట్టుకుని తిరిగింది.

రాత్రి లాడ్జిలో రెండో రోజు కార్యక్రమం మీద గొడవ. అమ్మకి మళ్ళీ అరసవల్లి వెళ్ళాలనుంది. నాకు పొందూరు. పుస్తకంలో ఒక కథ పొందూరు ఖద్దరు వడికే ముసలమ్మది. ఆ వీధిలో చదివి వినిపిస్తే ఎలా ఉంటుందోనని ఆశ. నేనే గెలిచాను. 10వ తేదీ పొద్దున్న ఎండ చక్కగా పాదాలమీద పడిందని పొందూరు బస్సులో ఎవరో చెప్తుంటే అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగేదాకా మాట్లాళ్ళేదు.

పొందూరులో మేం వెళ్ళిన ఇంట్లో డెబ్బై ఏళ్ళావిడ గుమ్మం పక్కన కూర్చుని పత్తి ఏకుతోంది. అమ్మ వెళ్ళీ వెళ్ళగానే "వదినా, మంచినీల్లిస్తావా" అని వరస కలిపేసింది. నీళ్ళు తాగి నేను కథ తీశాను. పేజీ 42 నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆవిడ వింటూనే చేతి పని చేసుకుంటోంది. పక్కింటివాళ్ళు ఇద్దరు వచ్చి గోడకానుకున్నారు. కథలో ముసలమ్మ మాటలు వచ్చినప్పుడు నవ్వారు. నాకు ఊపొచ్చింది. పక్క పేజీకొచ్చి, "చేప ముల్లుతో పత్తి దువ్వుతోంది సూరమ్మ" అని చదివేసరికి ఆవిడ చెయ్యి ఆగింది.

"ముల్లేటమ్మా?"

నేను మళ్ళీ చదివాను.

"ముల్లు కాదు. దవడ." చేతిలో ఉన్నది నా అరచేతిలో పెట్టింది.

వాలుగ చేప దవడ. నా చూపుడువేలంత ఉంది. తేనెరంగు తిరిగి, పట్టుకునేచోట నున్నగా అరిగిపోయింది. లోపలివైపు సన్నటి పళ్ళు వరసలు వరసలుగా, ఒక్కొక్కటి చూస్తే కనబడదు గానీ వేలు రాస్తే పిల్లి నాలికలా గరుకు. ఆవిడ గింజ వదలని పత్తి చిటికెడు తీసుకుని, వేళ్ళ మధ్య బిగబట్టి, దవడతో రెండుసార్లు లాగింది. నలుసులు రాలిపోయి, పోగులన్నీ తలదువ్వినట్టు ఒకే వైపు పడుకున్నాయి. గింజ మాత్రం మధ్యలో అలాగే ఉంది. వంద నంబరు సన్న నూలు రావాలంటే ఇక్కడ మొదలవ్వాలి. మరలో పడ్డ పత్తికి ఇది కుదరదు.

"ముల్లు గుచ్చుతాది. ఇది గుచ్చదు, పట్టుకుంతాది. తేడా నేదేటి? ఇంకోటి, దువ్వడం కాదు, ఏకడం. తలకాయా ఏటి దువ్వడానికి?"

గోడకానుకున్నవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, పొద్దున్నుంచీ మొదటిసారి. నేను ఖద్దరు షాపులో అడిగి, ఎక్కడో చదివి, మిగతాది ఊహించి రాసిన కథ అది. ఆవిడకి ఆ సంగతి ఒక్క మాటతో తెలిసిపోయింది. పక్కన ఎండిన అరటి పట్టలో చుట్టిపెట్టిన ఏకులున్నాయి, వడకడానికి సిద్ధం చేసిన పత్తి వత్తులు. బాగున్నాయని ఫోటో తీసుకున్నాను, అంతే.

అయినా పుస్తకం కావాలంది. మనవరాలు ఇంటరు చదువుతోందట, చదివి వినిపిస్తుందట. ఊరికే ఇచ్చెయ్యబోయాను. అమ్మ నా చెయ్యి నొక్కింది. ఊరికే ఇచ్చింది ఎవరూ చదవరని అమ్మ సిద్ధాంతం. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. చివరికి ఆవిడ లోపల్నుంచి అరిగిపోయిన పాత దవడ ఒకటి తెచ్చిచ్చి పుస్తకం తీసుకుంది. సగం పళ్ళు లేవు. దాన్ని కుంకుమ బొట్టు కాపీలో 43వ పేజీలో పెట్టుకున్నాను. ఆ వీధిలో ఇంకో మూడు అమ్ముడుపోయాయి. నేను చదివినందుక్కాదు, తప్పు దొరికినందుకు.

పొందూరు స్టేషన్లో విజయనగరం వైపు పాసింజరెక్కాక లెక్కేసుకున్నాను. మా దగ్గర ఇంకా డెబ్బై. ఇంట్లో మంచాల కింద నాలుగు వందల పైన. బ్యాగులోంచి పెన్ను తీశాను. "ముల్లు" కొట్టేసి పైన "దవడ", పక్కనున్న "తో" అలాగే ఉంచొచ్చు. "దువ్వుతోంది" కొట్టేసి "ఏకుతోంది". సిగడాం దాటేసరికి ఇరవై అయ్యాయి. ఎదురుగా కూర్చున్న మేస్టారులాంటాయన "టెన్తు పేపర్లా? ట్రైన్లో దిద్దొచ్చా అమ్మా?" అని నిలదీశాడు. కాదు, నా పుస్తకమే దిద్దుకుంటున్నానంటే నమ్మలేదు. దవడ చూపించాను. అది బోగీ సగం తిరిగి వచ్చింది. ఒకావిడ తన గోటిమీద రాసి చూసుకుంది. చీపురుపల్లి వచ్చేలోపు అయిదు కాపీలు పోయాయి. "దిద్దిందే ఇవ్వండి" అని అడిగి మరీ పట్టుకెళ్ళారు.

కలకత్తా, ముంబయి, చెన్నై, ఢిల్లీ, నాలుగు చోట్లా ముల్లే. కథానిలయంలోనూ ముల్లే. అరసవల్లి లైన్లో కొన్న ముగ్గురి దగ్గరా, శనక్కాయల తక్కెడ కిందా ముల్లే. వెనక్కి వెళ్ళి దిద్దొద్దామా అంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఈసారి ఎల్తే అరసవల్లికే" అంది. కథానిలయంలోది అలా ఉండడమే మంచిదని తర్వాత నాకూ అనిపించింది. నాకు అంతే తెలుసని ఎక్కడో ఒకచోట ఉండాలి.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర చదురుగుడిలో పైడితల్లి అమ్మవారి దర్శనం చేసుకుని గురజాడవారి ఇంటికి వెళ్ళాం. ఈ ఊళ్ళోనే 1892లో 'కన్యాశుల్కం' ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో రెండో కూర్పు వేసేటప్పుడు గురజాడ దాన్ని పోల్చుకోలేనంతగా తిరగరాశారు. ఇప్పుడు మనం చదివేదీ, ఆడేదీ ఆ రెండోదే. అమ్మకి ఇదంతా చెప్పాను. "ఆయన కూడా పెన్నుతో కొట్టీసి రాసినాడేటి?" అంది. లేదమ్మా, మొత్తం మళ్ళీ రాశాడన్నాను. "అయితే నీకు ఇంకా పని ఉన్నాది" అంది.

గంటస్తంభం దగ్గర ఒక పుస్తకాల షాపాయన అయిదు కాపీలు అమ్మిపెడతానని తీసుకుని, గైడ్ల కట్టల కింద పెట్టాడు. పేరు కూడా కనబడదు. ఆ షాపు మెట్ల మీదే కూర్చుని మిగిలిన కాపీలు దిద్దుతుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు. శనక్కాయలవాళ్ళేమో అనుకున్నాను.

"అక్కా, పొందూరు నుంచి. మా మామ్మకి కథంతా చదివి వినిపించాను. బాగున్నాదంది."

"అవునా అమ్మా!"

"51వ పేజీలో సూరమ్మ ఏకుల్ని స్టీలు డబ్బాలో దాచినట్టు రాశారు కదా. అరటి పట్టలో దాస్తారట. మీరు ఫోటో కూడా తీశారంట?"

వెనక మామ్మ గొంతు వినబడుతోంది, ఇంకేదో చెప్తోంది. "ఉండవే, ఒక్కొక్కటీ సెప్తన్నాను" అంటోంది పిల్ల.

నేను 51వ పేజీ తీశాను.