క్యాష్‌లెస్ అన్నాక కూడా పన్నెండు వేలు ఎందుకు కట్టాలి?

ముందు బంపర్ పగిలిన కారుని "ఇన్సూరెన్స్ క్యాష్‌లెస్సే కదా, బిల్లు కంపెనీయే కడుతుంది" అని షెడ్డులో వదిలేస్తాం. డెలివరీ రోజు కౌంటర్ దగ్గర "మీ వాటా పన్నెండు వేలు సార్" అంటారు. అప్పుడు గొడవపడి లాభం లేదు. ఆ అంకె పని మొదలవక ముందే, నష్టం లెక్కకట్టే సర్వేయర్ కాగితం మీద తేలిపోయింది. అడగాల్సింది అప్పుడే.

ఆ అంకె ఎలా వస్తుందో చూడండి. మూడున్నరేళ్ల 1200 సీసీ కారు అనుకుందాం. పన్నులతో కలిపి బంపర్ 6,000, హెడ్‌ల్యాంప్ 8,000, బానెట్ 10,000, పెయింటింగ్ 12,000, లేబర్ 6,000, కూలెంట్, క్లిప్పులు, బోల్టులు 800. మొత్తం 42,800. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్‌లకు తరుగు, అంటే పాతబడినందుకు తగ్గించే విలువ, 50 శాతం. అంటే బంపర్‌లో 3,000, హెడ్‌ల్యాంప్‌లో 4,000 మన నెత్తినే. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి తీస్తారు: ఆరు నెలల దాకా ఏమీ లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, అయిదేళ్ల లోపు 35, పదేళ్ల దాకా 40, ఆపైన 50. మన బానెట్‌కి 2,500 పోతుంది. పెయింటింగ్ బిల్లు గంపగుత్తగా ఉంటే అందులో పావు వంతుని రంగు ఖరీదుగా లెక్కేసి, దానిలో సగం కోస్తారు: 1,500. అద్దాలకు తరుగు లేదు, లేబర్‌కీ లేదు. దీని మీద తప్పనిసరి కోత 1,500 సీసీ లోపు 1,000, దాటితే 2,000. కూలెంట్, క్లిప్పుల 800 కూడా మనదే. అన్నీ కలిపితే 12,800. తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ ఉంటే 1,800తో బయటపడతాం. అప్పుడూ ఆ 1,000 మాత్రం తప్పదు.

కాబట్టి సర్వేయర్ చూసి వెళ్లాక అసెస్‌మెంట్ షీటు, అంటే ఆయన వేసిన లెక్క, కాపీ అడిగి తీసుకోండి. వరుస వరుసా చదవండి. అద్దానికి తరుగు వేశారా? విడిగా రాసిన లేబర్‌లో కోత పెట్టారా? ఇలాంటివి పని మొదలవక ముందు దిద్దించడం తేలిక.

అసలు పేచీ "రిపేర్" అని రాసిన చోట వస్తుంది. హెడ్‌ల్యాంప్‌కి వెనక బోల్టు ఎక్కే చెవులు ఉంటాయి. అద్దం బాగానే ఉన్నా ఒక చెవి విరిగితే చాలు, గ్లూ పెట్టి అతికించిన ల్యాంప్ నాలుగు గతుకులకే ఊగుతుంది, రాత్రి వెలుగు ఒక పక్కకి జారుతుంది. బంపర్ తాళాలు విరిగినా అంతే, ఫెండర్ దగ్గర వేలు దూరేంత సందు మిగిలిపోతుంది. భాగం విప్పించి, విరిగిన చెవి కనిపించేలా ఫొటో తీసి సర్వేయర్‌కి పంపి "మార్చాలి" అని రాయించండి. మాటతో సరిపెట్టుకోవద్దు.

బంపర్ ఊడదీశాకే రేడియేటర్ సపోర్ట్ వంగిందనీ, ఏసీ కండెన్సర్ నలిగిందనీ బయటపడుతుంది. షెడ్డువాళ్లు అదనపు ఎస్టిమేట్ పంపి, సర్వేయర్ మళ్లీ చూసి ఒప్పుకునే దాకా ఆ భాగాలు మార్చనివ్వకండి. ముందు మార్చేసి తర్వాత చెబితే ఆ డబ్బు మన మీదకే వస్తుంది.

వాన నీళ్లలో బండి ఆగిపోతే తాళం తిప్పొద్దు. నీళ్లు సిలిండర్లోకి వెళ్లాక స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేని పాలసీలో దాన్ని మీరు చేసుకున్న నష్టంగా లెక్కేసి కొట్టేస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినట్టు నీళ్లు ఇంటి ముందుకే వస్తే, బ్యాటరీ తీగ విప్పి, ఫొటోలు తీసి, బండిని తోయించుకోవడమే.

కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ షెడ్డుకే వెళ్లాలన్న నిబంధన లేదు. నమ్మకమైన మెకానిక్ దగ్గర చేయించి బిల్లు పెట్టుకోవచ్చు. సర్వే కాకుండా పని మొదలెట్టకూడదు, అంతే. డెలివరీ అప్పుడు పార్టు నంబర్ బిల్లుతో సరిపోయిందా చూడండి, రబ్బరు బీడింగ్ మీద రంగు తుంపర్లు పడ్డాయేమో చూడండి. బండి చూసుకోకుండా సంతృప్తి పత్రం మీద సంతకం వద్దు. పూర్తి సొమ్ము ముట్టిందని డిశ్చార్జ్ వోచర్ మీద సంతకం పెట్టినంత మాత్రాన ఎక్కువ అడిగే హక్కు పోదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది.

గడువులూ ఉన్నాయి. ఐఆర్‌డీఏఐ 2024 జూన్ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సమాచారం ఇచ్చిన 24 గంటల్లో సర్వేయర్‌ని కేటాయించాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. తేల్చకపోతే కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఈమెయిల్ పెట్టి నెల ఆగండి. ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేయడానికి బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 హెల్ప్‌లైన్ ఉంది. అయినా కదలకపోతే బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాంలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాది లోపు వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, అందుకని ఖర్చులేని తలుపే ముందు తట్టండి.