కాల్ ఆఫ్ వేరు, పుట్ ఆఫ్ వేరు

2019 జులై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 బయలుదేరవలసి ఉండగా, గడువుకు 56 నిమిషాల 24 సెకన్ల ముందు కౌంట్‌డౌన్‌ను ఆపేశారు. అప్పటికి శ్రీహరికోట మా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. నిద్ర మానుకొని మేడ ఎక్కిన మా వీధివాళ్లలో డిగ్రీ చదివే కుర్రవాడొకడు ఫోనులో ఇస్రో ప్రకటన చూసి, ‘కాల్డ్ ఆఫ్ అన్నారు, రద్దయిపోయిందంట సార్’ అన్నాడు. వాడు చెప్పిన అర్థం సరైనదే. కానీ ఆ వెంటనే ఉన్న ‘ఫర్ టుడే’ను వదిలేశాడు.

అనుకున్న పనిని, లేదా అప్పటికే నడుస్తున్న పనిని ఇక వద్దని విరమించుకుంటే అది కాల్ ఆఫ్. సమ్మె విరమించినా, గాలింపు ఆపేసినా, కుదిరిన పెళ్లి మానుకున్నా ఇంగ్లీషువాళ్లు ఈ మాటే వాడతారు. పనిని మానకుండా మరో రోజుకు జరిపితే అది పుట్ ఆఫ్. ఆనాటి ప్రకటనలో ‘ఫర్ టుడే’ చేరడం వల్ల రద్దు ఆ ఒక్క రోజుకే పరిమితమైంది. కొత్త తేదీ తరువాత చెబుతామని కూడా అందులోనే ఉంది. జులై 22 మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు రాకెట్ లేచింది కనుక, జరిగినదాన్ని మొత్తంగా చూసి చెప్పేటప్పుడు ‘ద లాంచ్ వజ్ పుట్ ఆఫ్ బై ఎ వీక్’ అనడమే సబబు.

వాడుకలో చిక్కంతా పదాల వరుసలో ఉంది. కార్తీక మాసపు వానలకు మా వైపు పరీక్షలు వాయిదా పడటం మామూలే కాబట్టి అదే ఉదాహరణగా తీసుకుంటాను. ‘దే పుట్ ఆఫ్ ది ఎగ్జామ్’ అన్నా, ‘దే పుట్ ది ఎగ్జామ్ ఆఫ్’ అన్నా తప్పులేదు. పరీక్షకు బదులు సర్వనామం వస్తే మాత్రం అది నడుమనే కూర్చోవాలి, అంటే ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలే తప్ప ‘పుట్ ఆఫ్ ఇట్’ అనకూడదు. కాల్ ఆఫ్‌కూ ఇదే నియమం. పుట్ ఆఫ్ తరువాత క్రియ వస్తే దానికి ఇంగ్ చేరుతుంది: ఒంగోలు వెళ్లడం వాయిదా వేశాను అనడానికి ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ఒంగోల్’ అనాలి, ‘టు గో’ పొసగదు.

పని అనుకున్న రోజుకన్నా ముందుకు జరిగితే మనం ప్రీపోన్ అంటాం. ఆ మాటను తప్పుపట్టేవాళ్ల పక్షాన నేను లేను, మన దేశంలో అది చక్కగా చెల్లుతోంది. అయితే ఉత్తరం విదేశానికి వెళ్లేదైతే ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అని రాయడం మేలు.