దోర్నకల్‌కు ఉపవాసంతో బయల్దేరి

ఉపవాసం ఇంటికన్నె స్టేషన్లో భంగమైంది. అదీ జొన్నరొట్టెతో, టమాట తొక్కుతో. దోర్నకల్ గుడిలో సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంటానని ముందురోజు రాత్రి అమ్మ ముందు ప్రార్థన చేసి మరీ బయల్దేరిన మనిషిని. కాజీపేటలో బండెక్కి రెండు గంటలు కాలేదు.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు చేసిన ఉద్యోగం జూన్‌లో పోయింది. ఒక శుక్రవారం మీటింగు, సోమవారం నుంచి రావద్దన్నారు. అప్పటి నుంచి డీజిల్ కాలనీ దగ్గర మా ఇంట్లోనే. నా వయసు ముప్పై నాలుగు. సంఘంలో నాకు సరైన చోటు లేదు: యూత్ మీటింగుకు వెళ్తే అంకుల్‌ని, పురుషుల కూటమికి వెళ్తే కుర్చీలు సర్దే తమ్ముణ్ని. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఒక్కొక్కరూ పట్టుకుని, "ఏం చేస్తున్నవ్ బ్రదర్ ఇప్పుడు?" "ప్రార్థన చేస్తున్నా అన్నా." "మంచిది, మంచిది." సంఘపెద్ద ఒకాయన ఇంకొంచెం ముందుకు వెళ్లి, దేవుడు నన్ను సేవకు పిలుస్తున్నాడని, బైబిల్ కాలేజీలో చేరిపొమ్మని చెప్పాడు. జీతం వచ్చినన్నాళ్లూ ఈ పిలుపు ఆయనకు వినబడలేదు. పని లేని మగపిల్లాడు కనబడితే చాలు, మావాళ్లకు దేవుని పిలుపు బాగా వినబడుతుంది.

ఇంకోటి కూడా ఉంది. హన్మకొండలో ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడానికి మనిషి కావాలని మా పాత లెక్చరర్ సారు వాట్సాప్‌లో అడిగి పదిహేను రోజులైంది. జీతం హైదరాబాద్‌లో వచ్చినదానిలో సగం కూడా లేదు. ప్రభువు చిత్తం తెలిసేదాకా జవాబు ఇవ్వొద్దనుకున్నా. నిజం చెప్పాలంటే సగం జీతం ప్రభువు చిత్తం కాకూడదని కోరుకుంటున్నా.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచుతారు కదా, బుట్టలో చెయ్యి పెట్టి తీసుకోవాలి. నాకు యిర్మీయా 29:11 వచ్చింది. మా వాడకట్టులో సగం ఇండ్ల గోడల మీద ఉండే వాక్యమే. దేవునికి మన గురించి సమాధానకరమైన ఉద్దేశాలున్నాయని. ఆ ఉద్దేశాలేమిటో కాస్త చెప్తే బాగుండునని, జనవరి ఆఖర్లో ఒక పనిరోజు చూసుకుని బయల్దేరా.

వరంగల్‌లో బోగీ నిండింది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకుని వెనక్కి పోతున్న రైతులు, చంకల్లో చుట్టిన ఖాళీ బస్తాలు. ఖాళీవని పేరే గానీ, ఒక్కో బస్తా దులిపితే కిలో ఘాటు రాలుతుంది. తలుపు దగ్గర మొదలైన తుమ్ము కిటికీ దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయింది. నా పక్కన అరవై దాటిన ఒక పెద్దమ్మ కూర్చుంది. ఇరవై బస్తాల బొత్తి నా కాళ్ల మీదికి నెట్టి, "జరంత జూస్కో బిడ్డా" అని కొంగు ముడి విప్పి డబ్బులు లెక్కబెట్టుకుంది. మూడుసార్లు. మూడోసారి కూడా లెక్క నచ్చలేదు.

"పోయినేడు ఇరవై వేలు వలికింది కింటాకు. ఈయేడు పదమూడు గూడ రాలె. తేమ ఉన్నదని కోసిండ్రు, తాలు ఉన్నదని కోసిండ్రు. రాత్రంత బస్తాల మీదనే పన్న. దోమలు."

నేను నా తొమ్మిదేళ్ల ఉద్యోగం గురించి చెబుదామనుకుని ఊరుకున్నా.

నెక్కొండ దాటాక ఇంటికన్నెలో బండిని పక్క లైన్లో పెట్టారు. ఒక సూపర్‌ఫాస్ట్ పోయింది. ఇంకోటి పోయింది. ఒక గూడ్సు కూడా పోయింది, దానికి మాత్రం ఒళ్లు మండింది. నలభై నిమిషాలు. సమోసాలు నాలుగు ఇరవై, వేలంత కూడా లేవు. ఉపవాసం కాబట్టి అదొక లాభం. నాయినకు ఫోన్ చేశా. నాయిన కాజీపేటలో లోకో పైలట్‌గా రిటైరయ్యాడు, ఎక్కువకాలం గూడ్సే నడిపాడు.

"నలభై నిమిషాలకే ఫోన్ జేసినవా? గూడ్స్ నడిపినోనికి లూపుల కూసునుడే డ్యూటీరా. నేను ఉప్పల్ కాడ ఆరు గంటలు కూసున్న ఒకపారి" అని సంబరంగా చెప్పాడు. రిటైరైనా సిగ్నళ్లు వదల్లేదు ఆయన్ని. ఇంజనులో డ్రైవరు, అసిస్టెంటు కలిసి ప్రతి సిగ్నల్‌నూ ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవాలి, ఇద్దరూ ఒకటే చూశారని తేలాలి కదా. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకున్నప్పుడు నిద్రలో కూడా "డబుల్ యెల్లో!" అని అరిచేవాడు. నేనూ చెల్లీ పక్క గదిలోంచి "డబుల్ యెల్లో!" అని జవాబిచ్చి, అమ్మతో తిట్లు తినేవాళ్లం. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, యెల్లో అంటే ఆగాలా అని. "ఆగుడు గాదు, పోవాలె. ముందరి సిగ్నల్ కాడ ఆగెతందుకు తయారుండి పోవాలె. యెల్లో జూసి బండి ఆపిననుకో, ఎన్కబండ్లన్ని ఆగుతయ్, నన్ను సస్పెండ్ జేస్తరు." ఆ రోజు నాకు సస్పెండ్ అన్న మాట ఒక్కటే గుర్తుండిపోయింది.

ఫోన్ పెట్టేసరికి పెద్దమ్మ సద్ది మూట విప్పింది. రెండు జొన్నరొట్టెలు, మధ్యలో ఎర్రటి తొక్కు. ఒకటి విరిచి నా వైపు చాపింది.

"వద్దమ్మా, ఉపాసం."

"శనివారం గాదు, సోమవారం గాదు, ఉపాసమేంది?"

"గుడికి పోతున్న. దోర్నకల్‌ల ప్రార్థనకు."

"ఎవలకు బాగలేదు?"

"అందరు బాగనే ఉన్నరు."

"మరెందుకు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉద్దేశం, దర్శనం, భారం లాంటి మా మాటలన్నీ నోటి దాకా వచ్చి ఆగాయి. చివరికి, "తొవ్వ దొరుకుతలేదమ్మా, అందుకు" అన్నా.

ఆమె నన్ను జాలిగా చూసింది. "గింత జదువుకున్నవ్. స్టేషన్ల దిగి ఎవలనడిగినా జూపెడ్తరు గద బిడ్డా, పెద్ద గుడి ఏడున్నదంటే."

ఎదురు సీటాయన నవ్వాడు, నేనూ నవ్వా. నవ్వుతూనే చేతిలో రొట్టె ఉందని తెలిసింది. రొట్టె ఎండి, అంచులు పెళుసుగా ఉన్నాయి; తొక్కులో వెల్లుల్లి పాయలు చితికీ చితకకుండా, కళ్లుప్పు అక్కడక్కడా కరకరలాడుతూ. హైదరాబాద్‌లో నూట ఎనభై పెట్టి తిన్న 'తెలంగాణ థాలీ'లన్నీ దీని ముందు వట్టివే. రెండో సగం కూడా తిన్నా. ఆమె బాటిల్‌లో నీళ్లు తాగా. ఉపవాసం సంగతి ప్రభువుకూ నాకూ మధ్య తర్వాత చూసుకోవచ్చు.

కేసముద్రం, మానుకోట, గుండ్రాతిమడుగు దాటి, గార్లలో ఆమె దిగింది. బస్తాల బొత్తి నేనే దించా. "గుడి ఎవలనైన అడుగు, సిగ్గువడకు" అని మళ్లీ చెప్పింది ప్లాట్‌ఫారం మీంచి.

దోర్నకల్‌లో ఆటోవాడు యాభై అడిగాడు. ఇచ్చా. తిరిగొచ్చేటప్పుడు నడిస్తే తెలిసింది అదెంత దగ్గరో.

ఎపిఫనీ కెథడ్రల్ గురించి చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా, చూడటం మాత్రం ఇదే మొదటిసారి. దూరం నుంచి గుమ్మటాలూ మినార్లూ చూస్తే మసీదేమో అనిపిస్తుంది, దగ్గరికి పోతే స్తంభాలు మన దేవాలయాల మంటపాల్లోవి. ఇక్కడ బిషప్‌గా ఉన్న అజరయ్య గారు కావాలనే అలా కట్టించారు. ఈ మట్టిలోని గుడి ఈ మట్టిలాగే ఉండాలని. ప్రతిష్ఠ 1939లో జరిగింది.

తలుపు దగ్గర ఊడుస్తున్న ముసలాయన లోపలికి పోనిచ్చాడు. ఎవరూ లేరు, చల్లగా ఉంది. మోకాళ్ల మీద పడి, కళ్లు మూసుకుని, మామూలుగా చేసినట్టే రెండు చేతులతో ముఖం తుడుచుకున్నా.

ఇరవై మిర్చి బస్తాలు మోసిన చేతులు.

మొదట చెమటేమో అనుకున్నా. ఒక్క క్షణం తర్వాత రెండు కళ్లూ నిప్పుల్లో పెట్టినట్టయ్యాయి. తుడిస్తే ఇంకా ఎక్కువైంది. ముక్కు కూడా అందుకుంది. బెంచీ పట్టుకుని వంగిపోయి, ఎక్కిళ్లు పెడుతూ, "ప్రభువా, ప్రభువా" అంటున్నా. అది మాత్రం కల్మషం లేని ప్రార్థనే. చీపురు చప్పుడు ఆగింది. అడుగులు దగ్గరికి వచ్చాయి. నా తల మీద బరువుగా ఒక చెయ్యి పడింది.

"ఏడువు బిడ్డా, ఏడువు. ఈడ ఏడిస్తె తప్పులేదు."

మిర్చి అని ఎలా చెప్పను? ఆయన అప్పటికే ప్రార్థన మొదలుపెట్టేశాడు. పాతకాలపు ప్రార్థన, తొందర లేనిది. వానల కోసం, పంటల కోసం, దవాఖానల్లో ఉన్నవాళ్ల కోసం చేసి, చివరికి నా దగ్గరికి వచ్చాడు. "ఈ కొడుకు ఎవలో నాకెరుక లేదు, నీకెరుక. ఈనెకు ఒక తొవ్వ సూపెట్టు తండ్రీ."

ఎవరికైనా సరిపోయే మాట అది, తెలుసు. అయినా కళ్ల మంట తగ్గినాక కూడా నీళ్లు ఆగలేదు. దాని గురించి ఇంతకంటే రాయను. జూన్ నుంచి నేను ఎవరి ముందూ ఏడవలేదు, మా ఇంట్లో మగవాళ్లకు ఆ అలవాటు లేదు.

ముఖం కడుక్కోవడానికి ఆయన బకెట్ నీళ్లు ఇచ్చాడు. తర్వాత వెనక బెంచీలో కూర్చుని అజరయ్య గారి వయసు లెక్కవేశా. తిరునెల్వేలి ప్రాంతపు తమిళాయన, 1874లో పుట్టారు. వైఎంసీఏ కార్యదర్శిగా దేశమంతా తిరుగుతుండేవారు. తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో 1903లో మిషనరీ సంఘం పెట్టి, నిజాం రాజ్యంలోని ఈ మూలను ఎంచుకున్నారు. సంఘం పెట్టినవాళ్లలో ఆయనా ఒకరు. 1909లో గురువుగా అభిషేకం పొంది తానే వచ్చేశారు. ముప్పై అయిదేళ్లకు, తెలుగు నేర్చుకుంటూ. అంటే నాకు ఇంకో ఏడాది టైముంది. 1912 చివర్లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని అడిగిన మనిషి. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ప్రసంగాల్లో ఈ కథ చెప్పినప్పుడల్లా తిరునెల్వేలి నుంచి దోర్నకల్‌కు గీత గీసినట్టు చెప్తారు. ముగిసిన చోటు నుంచి వెనక్కి చెప్పుకొస్తే ఎవరి తొవ్వయినా తిన్నగానే కనబడుతుంది. 1909లో ఈ స్టేషన్లో దిగినప్పుడు ఆయన కూడా ఎవరినో ఏదో అడిగే ఉంటారు, వచ్చీరాని తెలుగులో.

ఫోన్లో యిర్మీయా 29 తీసి, ఈసారి మొదటి నుంచి చదివా. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకు రాసిన ఉత్తరం. పదో వచనంలో డెబ్బై ఏండ్లు అని ఉంది! డెబ్బై ఏండ్లయ్యాక మిమ్మల్ని వెనక్కి రప్పిస్తానని. కార్డు అచ్చువేసేవాళ్లు ఆ ముక్క వదిలేసి పక్క వచనం వేస్తారు. అంతకు పైన, అయిదులో, ఇండ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి అని ఉంది. పరాయి ఊళ్లో, చెరలో ఉన్నవాళ్లకు తోటలు. కోపమొచ్చింది ముందు. తర్వాత అక్కడే బెంచీ మీద నిద్రపోయా. జొన్నరొట్టె అలాంటిది. లేచేసరికి నాలుగైంది, స్కూలు పిల్లలిద్దరు నన్నే చూస్తున్నారు.

తిరుగు బండిలో సీటు దొరకలేదు. తలుపు దగ్గర నిలబడి, మానుకోట దాటాక, చీకట్లో సారుకు మెసేజ్ టైపు చేశా: "వస్తాను సార్. సోమవారం నుంచి వీలవుతుందా? జీతం గురించి కొంచెం మాట్లాడాలి." అక్కడ నెట్‌వర్క్ లేదు, మెసేజ్ పక్కన గడియారం గుర్తు తిరుగుతూనే ఉంది. చెరిపేయడానికి రెండుసార్లు వేలు పెట్టి తీసేశా. ఇంటికన్నెలో బండి మళ్లీ పక్క లైన్లోకి పోయి ఆగింది. ఆగినాక, ఎక్కడి నుంచో ఒక గీత సిగ్నల్ దొరికి, మెసేజ్ పోయింది.

ఇంట్లో తలుపు తీసిన అమ్మ, "ఏం జెప్పిండురా ప్రభువు?" అని అడగబోయి మూడుసార్లు తుమ్మింది, నా చొక్కా వాసనకు. నాయిన మంచం మీంచి లేవకుండానే అడిగాడు.

"బండి ఎంత లేటు?"

"గంట."

"గంటేనా?" అని అటు తిరిగి పడుకున్నాడు.