బిడ్డను కాదు, సంచిని అందించాను

మా పాపకు 8వ నెల నడుస్తుండగా నేనొక్కదాన్నే తనను తీసుకుని 14 గంటల రైలు ప్రయాణం చేయవలసి వచ్చింది. బయలుదేరిన గంటలోపే పాప ఏడుపు అందుకుంది. ఎదురు సీటులో కూర్చున్న పెద్దావిడ "ఇలా ఇవ్వమ్మా, నువ్వు కాస్త నడుం వాల్చు" అంటూనే రెండు చేతులూ చాచి, నేను ఔననీ కాదనీ అనేలోపే పాపను నా ఒడిలోంచి ఎత్తుకున్నారు. ఆవిడ గొంతులో ఆప్యాయత తప్ప మరొకటి లేదు. అయినా పాప ఒళ్లు కర్రలా బిగుసుకుపోయింది, తల వెనక్కి తిప్పి నా ముఖం కోసం వెతికింది, కింది పెదవి ముందుకు వచ్చి వణికింది. ఆ తరువాత గుక్కపెట్టి ఏడ్చిన ఏడుపుకూ, అంతకు ముందరి గునుపుకూ పోలికే లేదు. నేను లేచి పాపను తిరిగి తీసుకోవడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషమూ నోరు మెదపకుండా ఎందుకు ఉండిపోయానా అన్న ఆలోచన చాలాసేపు నన్ను తొలిచింది.

పెద్దావిడ నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను. ముక్కూ మొహమూ తెలియని ఒకరి మనసు నొవ్వకూడదని, మాటలు రాని నా బిడ్డ భయాన్ని పక్కన పెట్టాను. సాధారణంగా 6 నుంచి 9 నెలల మధ్య పిల్లలకు కొత్త ముఖాల బెదురు మొదలవుతుంది. అయినవాళ్లెవరో, కానివాళ్లెవరో పోల్చుకోగల తెలివి వచ్చిందనడానికి అది గుర్తు. కాబట్టి అలా ఏడ్చే పిల్లను పెంకిదనీ, ఎవరి దగ్గరా చేరిక లేదనీ అనడం అన్యాయం. తను చేయవలసిన పని తను చేసింది, నా పని నేను చేయలేదు.

బెదురు ఒక్కటే అయితే కాసేపటికి సర్దుకుంటుంది. ప్రయాణాల్లో ఎదురయ్యే సాయాల్లో కొన్ని ఒంటికే చేటు చేసేవి ఉంటాయి. ఒకసారి పాప ఏడుస్తుంటే వెనక సీటు నుంచి ఒకామె చిన్న సీసా తీసి, వేలికి తేనె రాసుకుని నాకించబోయారు. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు. క్లాస్ట్రిడియం బొటులినం అనే సూక్ష్మజీవి బీజాలు తేనెలో ఉండే అవకాశం ఉంది. పెద్దల పేగులు వాటిని మొలకెత్తనీయవు గానీ, పసిపేగుల్లో అవి పెరిగి విషాన్ని పుట్టిస్తాయి. ముందు మలబద్ధకం, ఆపైన పాలు చప్పరించే బలం తగ్గడం, ఏడుపు నీరసించడం, ఒళ్లు వేలాడిపోవడం దాని లక్షణాలు. ఆ రోజు నా అరచేయి పాప నోటికి అడ్డుపెట్టినంత వేగంగా నేను మరెన్నడూ కదలలేదు.

మంచినీళ్ల సంగతీ అంతే. ఎండగా ఉంది, రెండు చుక్కలు పట్టమ్మా అని ఎవరైనా అంటే అది తప్పుడు సలహాగా తోచదు. కానీ 6 నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పసివాళ్ల మూత్రపిండాలు ఎక్కువ నీటిని త్వరగా బయటకు పంపలేవు, రక్తంలో సోడియం పలచబడితే మూర్ఛ కూడా రావచ్చు. పెదవి పక్కన పొక్కు ఉన్న మనిషి పెట్టే ముద్దు మరీ ప్రమాదం, ఎందుకంటే అది హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చిన పొక్కు అయితే నెలల పసికందుకు, ముఖ్యంగా పుట్టి కొద్ది వారాలే అయిన బిడ్డకు, ప్రాణాంతకం కావచ్చు. మెట్లు ఎక్కించడానికి ఒక చేయి పట్టి లాగితే చిన్నపిల్లల మోచేతి ఎముక పట్టు తప్పవచ్చు. 5 ఏళ్ల లోపు పిల్లల్లో ఇది తరచూ జరిగేదేనని మా డాక్టరు గారు చెప్పారు. ఇవన్నీ ప్రేమగా చేసే పనులే కావడం వల్ల కాదనడం మరింత కష్టమవుతుంది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టిన ఘటన మెట్ల మీద జరిగింది. స్ట్రోలర్‌లో పాపను కూర్చోబెట్టి, మెట్ల మొదట్లో ఆగి, పాపను ఎత్తుకుని స్ట్రోలర్ మడుద్దామని వంగుతున్నాను. ఎటునుంచి వచ్చారో, ఒకాయన "నేను పడతానమ్మా" అంటూ ముందు చక్రాల దగ్గర పట్టుకుని ఒక్క ఊపున పైకి ఎత్తేశారు. వెనక పిడి అప్పటికి నా చేతిలో లేదు. బండి ఒక పక్కకు ఒరిగింది, పాప తల పక్క కడ్డీకి ఆనుకుంది. నడుముకూ భుజాలకూ బెల్టు పెట్టి ఉన్నందువల్ల తను జారిపోలేదు. ఆయన నాకంటే ఎక్కువగా కంగారుపడ్డారు, పాపం. ఆ రోజు నుంచి పిల్ల కూర్చుని ఉండగా స్ట్రోలర్‌ను ఎవరి చేతా ఎత్తించను. మెట్లు కనబడగానే పాపను ఛాతీకి కట్టుకునే క్యారియర్‌లోకి మార్చుకుంటాను. ఎవరైనా దగ్గరకు వస్తే, వాళ్ల చేయి పడకముందే "ఖాళీ బండి మీరు తీసుకోండి అన్నయ్యా, పాప నా దగ్గర ఉంటుంది" అని చెప్పేస్తాను.

ఈ 'ముందే' అన్న మాటను నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒకసారి బిడ్డ ఎదుటివారి చేతుల్లోకి వెళ్లాక తిరిగి అడగడం లాక్కున్నట్టు ఉంటుంది, అదే చేతులు చాచకముందే చెబితే అది మామూలు మాటే. అందుకని ఎక్కగానే పాపను కిటికీ వైపు కూర్చోబెట్టుకుని, దారి వైపు నా భుజం ఉండేలా సర్దుకుంటాను. మొదట్లో అబద్ధాలు చెప్పేదాన్ని. పాపకు జలుబు చేసిందంటే ఎత్తుకోవడం మానుకుంటారని అనుకున్నాను గానీ, జలుబు అనగానే చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక వైద్యం చెప్పడం మొదలుపెట్టారు, ఒకరు సంచిలోంచి మందు సీసా కూడా బయటకు తీశారు. పసిపిల్లల మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది, బరువు తెలియని మనిషి ఇచ్చే చెంచాడు మందును ఏ తల్లీ పట్టించలేదు. ఇప్పుడు ఉన్నమాటే చెబుతున్నాను: "పాపకు కొత్తవాళ్లంటే బెదురండీ, నా దగ్గరే ఉండనివ్వండి. ఆ సంచి కాస్త పైన పెడతారా?" ఇందులో రెండో వాక్యమే ముఖ్యమైనది. సాయం చేద్దామని లేచిన మనిషికి చేయడానికి ఒక పని దొరికితే చిన్నబోయి కూర్చోరు.

అందరూ ఒక్క మాటతో ఆగుతారని చెప్పను. రెండోసారీ చేయి చాస్తే గొంతులో నవ్వు తగ్గించి "వద్దండీ" అన్న ఒక్క మాటే అంటాను, కారణాలు చెప్పను, ఎందుకంటే కారణం చెబితే దానికి సమాధానం వస్తుంది. మూడోసారికి సీటు మారతాను లేదా సిబ్బందిని పిలుస్తాను. అడగకుండా పాప ఫొటో తీసేవాళ్ల విషయంలో మాత్రం మొదటిసారే గట్టిగా చెబుతాను.

వద్దనడంలో నేను పొరబడిన సందర్భాలూ ఉన్నాయి, అలాగని విన్న ప్రతి సలహా మంచిదీ కాదు. విమానం దిగుతున్నప్పుడు పాపకు పాలిస్తుంటే పక్కసీటు ఆయన కక్కుకుంటుందని ఆపమన్నారు. చప్పరించి మింగుతుంటే చెవినీ గొంతునూ కలిపే గొట్టం తెరుచుకుని చెవిపోటు తగ్గుతుంది కాబట్టి, నమస్కారం పెట్టి పాలిస్తూనే ఉన్నాను. మరోసారి ఒకామె పాపకు చెమట పడుతోంది, దుప్పటి తీయమని చెబితే ముఖం ముడుచుకుని వినలేదు. తరువాత మెడ వెనక చేయి పెట్టి చూస్తే బనియన్ తడిసిపోయి ఉంది. ఆమెకు నేను క్షమాపణ చెప్పే లోపే దిగి వెళ్లిపోయారు, ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది. ఎత్తుకుంటామనే మాటకూ, గమనించి చెప్పే మాటకూ ఒకే జవాబు ఇవ్వకూడదని అప్పుడు తెలిసింది.

ఆ 14 గంటల ప్రయాణంలో పెద్దావిడతో నేను మళ్లీ మాట కలపడానికి చీకటి పడింది. "మీరు ప్రేమతోనే ఎత్తుకున్నారు పెద్దమ్మా, తనకే ఇంకా మాలిమి కాలేదు" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. నేను పాపను క్యారియర్‌లో కట్టుకుని బాత్రూమ్‌కు వెళ్లవలసి వచ్చినప్పుడు, నా సంచిని అడగకుండానే కాళ్ల దగ్గరకు జరుపుకుని కాపలా కూర్చున్నారు. తెల్లవారుజామున పాప నా భుజం మీద నిద్రలో కాళ్లు ఆడిస్తుంటే ఒక మేజోడు ఊడి కింద పడింది. ఆవిడ వంగి తీసి, దుమ్ము దులిపి, పాప వైపు చేయి చాచబోయి ఆగారు. "నేను తొడగనా అమ్మా?" అని అడిగారు. నేను పాప పాదాన్ని ఆవిడ వైపు జరిపాను.