341 అంటే ఏంటో నేను రాయలేదు

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. మిర్చి టిక్కీలు (బస్తాలు) లోపలికి రావడం, బాండు (సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు) రాయడం, అద్దె లెక్క, డెలివరీ. పెద్ద ప్రోగ్రామేం కాదు. ఈమధ్య దానికి ఏఐ ఏజెంటును తగిలించాను. గుమాస్తా ఫోన్లో తెలుగులో అడిగితే, అది మా సాఫ్ట్‌వేర్‌లో కావాల్సిన టూల్‌ను (ఒక్కో పని చేసిపెట్టే భాగాన్ని) తనే వాడుకుని జవాబు చెప్పాలి. ఏఐ మోడల్‌ను బయటి సాఫ్ట్‌వేర్‌తో కలపడానికి ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ వాళ్లు 2024 నవంబరులో తెచ్చిన ఎంసీపీ పద్ధతిలో పదకొండు టూల్స్ పెట్టాను. ఒక్క రోజు పని. ఆ తర్వాత నెల రోజులు దాన్ని సరిచేయడమే.

మొదటి రోజు పెద్ద గుమాస్తా (నేను బాబాయ్ అంటాను) అడిగిన మొదటి ప్రశ్న: "341 ఎంతుంది?"

"341వ లాట్‌లో 62 టిక్కీలు ఉన్నాయి" అంది ఏజెంటు.

బాబాయ్ నా వైపు చూసి, "ఏంది బాబూ ఇది?" అన్నాడు.

మిర్చి యార్డు గేటు దాటిన ఎవరినడిగినా 341 అంటే కాయ రకం అని చెబుతారు, లాట్ (ఒకేసారి లోపలికొచ్చిన సరుకు) నంబరని కాదు. తేజ, బాడిగ, 334, 341. కానీ ఏజెంటుకు మన కోడ్ కనపడదు, యార్డూ కనపడదు. టూల్ పేరు, దాని కింది వివరణ, ఏయే ఇన్‌పుట్ ఇవ్వాలో చెప్పే జేసన్ స్కీమా, వీటిని చూసే అది నిర్ణయించుకోవాలి. నేను రాసిన వివరణ మొత్తం ఇదీ: "స్టాక్ వివరాలు ఇస్తుంది." ఇన్‌పుట్: "ఐడీ, నంబరు." దానికో నంబరు దొరికింది, పెట్టేసింది. తప్పు దానిదని ఎలా అంటాం?

పక్కనే 'స్టాక్ 2' అని ఇంకో టూల్ ఉంది. దాని వివరణ "స్టాక్ డేటా". మొదటిది బాండు రాసిన రోజున ఉన్న టిక్కీల లెక్క, రెండోది డెలివరీలు పోను మిగిలింది. ఈ తేడా నాకు తెలుసు, బాబాయ్‌కి తెలుసు. ఆరేళ్లలో ఎక్కడా రాసి లేదు. కొత్త కుర్రాడొస్తే బాబాయే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు.

ఇక ఇలా ఎక్కడా రాయని సంగతులు బయటపడటం మొదలైంది. రేటేమో క్వింటాలుకు, సరుకేమో టిక్కీల్లో. ఒక రైతు 50 క్వింటాళ్లు తీయాలంటే ఏజెంటు 'పరిమాణం' దగ్గర 50 అని వేసింది. అంటే 50 టిక్కీలు, మహా అయితే 20, 22 క్వింటాళ్లు. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, దానికి మార్చి 4.

చివరికి ఆ 'స్టాక్ 2' టూల్ వివరణ ఇలా మారింది:

"ఒక మిర్చి రకం ఇప్పుడు లోపల ఎన్ని టిక్కీలుందో చెబుతుంది. డెలివరీ అయినవి తీసేసిన లెక్క. లెక్క టిక్కీల్లోనే, క్వింటాళ్లలో కాదు. 334, 341 అనేవి రకాల పేర్లు. ఒక లాట్ గురించి అడిగితే ఇది వాడొద్దు, 'లాట్ వివరాలు' వాడు. రకమో లాటో తేలకపోతే అడిగిన మనిషినే అడుగు."

రకం దగ్గర ఏదైనా టైప్ చేసే వీలు తీసేసి, ఉన్న రకాల జాబితా ఇచ్చాను. తేదీకి సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర అని ఉదాహరణతో రాశాను. అన్నింటికంటే ఎక్కువ పనిచేసిన వాక్యం మాత్రం "ఇది వాడొద్దు" అన్నదే.

ఎర్రర్ మెసేజీల సంగతి కూడా చెప్పాలి. మాది ఎప్పుడూ "తప్పు ఇన్‌పుట్" అనేది. పాపం ఏజెంటు అదే బాండు నంబరును అటూ ఇటూ మార్చి ఐదుసార్లు పంపి, క్షమాపణ చెప్పి ఊరుకునేది. ఇప్పుడు "బాండు 2217 దొరకలేదు. ముందు సీజన్ సంవత్సరం ఉండాలి, ఉదా: 2025-2217" అని వస్తుంది. రెండోసారికే సరిగ్గా పంపుతోంది.

మధ్యలో ఉత్సాహం ఎక్కువై ఒక్కో టూల్‌కి పేజీడు రాశాను. పదకొండు పేజీలూ ప్రతి ప్రశ్నతో పాటు మోడల్‌కి వెళ్తాయి కదా, బిల్లూ పెరిగింది, టూల్ ఎంపికా తప్పింది. మళ్లీ ఆరేడు వాక్యాలకు తెచ్చాను.

పోయిన వారం అన్నీ ప్రింట్ తీసి బాబాయ్‌కి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. స్టాక్ దగ్గర ఆపాడు.

"తాలు ఏదీ?"

రంగు పోయిన తాలు కాయల్ని రైతులు వేరే టిక్కీల్లో కడతారు. మా సాఫ్ట్‌వేర్‌లో మాత్రం అవి కూడా తేజ కిందే ఎక్కుతాయి, రిమార్కుల్లో తాలు అని రాసుకుంటారు.

"తేజ ఎంతుందంటే తాలు కలిపి చెబుతారా ఎవరైనా?" అన్నాడు.

రిమార్కులు తెరిచి చూశాను. 'తాలు', 'టాలు', ఉత్త 'తా', కొన్నిచోట్ల ఒక చుక్క. ఆ చుక్క ఎవరు పెట్టారో, ఎందుకో బాబాయ్ రేపు కనుక్కుని చెబుతానన్నాడు.